బాపుకు బీపీ, యూరిక్ యాసిడ్ 8.1, రక్తనాళాలు గట్టిపడ్డాయంటున్నారు. నొప్పి లేకున్నా గోలీ వేయాలా?

హాలియా_రైతుబిడ్డ
మా బాపుకు 61 ఏళ్లు. బీపీ చాలా ఏళ్లుగా ఉంది, టెల్మీసార్టాన్ 40తో హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన గోలీ రోజూ పొద్దున వేసుకుంటాడు. మొన్న నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖాన వాళ్లు క్యాంపు పెడితే తీసుకుపోయాను. రెండు చేతులకు, రెండు కాళ్లకు పట్టీలు కట్టి మిషన్ మీద పరీక్ష చేసి నాళాలు గట్టిపడ్డాయని కాగితం ఇచ్చారు. దాంట్లో 1760 అని ఉంది, పక్కన ఎర్ర గీత. రక్తంలో యూరిక్ యాసిడ్ 8.1 వచ్చింది. అక్కడున్న డాక్టరు యూరిక్ యాసిడ్ తగ్గించే గోలీ ఫెబుక్సోస్టాట్ 40 రాసి, జీవితాంతం వాడాలి, లేకపోతే నాళాలు ఇంకా బిగుసుకుని పక్షవాతం వస్తుందన్నాడు. బాపుకు బొటనవేలి వాపు, కీళ్ల నొప్పి ఏనాడూ లేవు. ఆ రోజు బీపీ 158/72. ఇంటికొచ్చిన కాడి నుంచి ఒకటే టెన్షన్, పప్పు ముట్టడం లేదు, టమాట ముట్టడం లేదు, ఉత్త మజ్జిగన్నం తింటున్నాడు. నిజంగా యూరిక్ యాసిడ్ వల్లనే నాళాలు గట్టిపడతాయా? నొప్పి లేనివాళ్లకు కూడా ఈ గోలీ అవసరమా? తెలిసినవాళ్లు చెప్పండి.

కల్వకుర్తి_కవిత
మా అమ్మకూ ఇదే కథ. బీపీ ఉంది, యూరిక్ యాసిడ్ 7.1. ఎవరైనా వివరంగా రాస్తే నాకూ పనికొస్తుంది.

మిర్యాలగూడ_మందులషాపు
తమ్ముడూ, ముందు బాపు వేసుకునే బీపీ గోలీనే చూడాలి. అందులో ఉన్న హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు. ఆ మందు వాడితే కిడ్నీ యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపడం తగ్గిస్తుంది, రక్తంలో అంకె పెరుగుతుంది. క్లోర్‌థాలిడోన్ కూడా అంతే. గుండెకని వేసుకునే చిన్న డోసు ఆస్పిరిన్ కూడా కొంచెం పెంచుతుంది. లోసార్టాన్ అనే బీపీ మందు మాత్రం దీనికి తిరుగు, అది యూరిక్ యాసిడ్‌ను మూత్రంలో పోనిస్తుంది. మా షాపులో రోజూ చూస్తుంటాను, ఒక చీటీలో అంకెను పెంచే గోలీ, ఇంకో చీటీలో అదే అంకెను దించే గోలీ. రెండు చీటీలు రాసినవాళ్లు వేరువేరు, ఒకరి చీటీ ఇంకొకరు చూడరు. అట్లని బీపీ గోలీ ఆపొద్దు. ఆ మందు పక్షవాతాన్ని ఆపుతుంది, దాని మేలు చిన్నది కాదు. మార్చాలా వద్దా అనేది డాక్టరుతో మాట్లాడండి.

పాలమూరు_పటేల్
గోలీలన్నీ తర్వాత. పప్పు, పాలకూర, టమాట, వంకాయ బంద్ పెడితే యూరిక్ యాసిడ్ దానంతటదే దిగుతుంది. మా బావమరిది అట్లనే తగ్గించుకున్నాడు.

దేవరకొండ_టీచర్
పటేల్ గారూ, దీన్ని ఒప్పుకోలేను. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, 47,150 మంది మగవాళ్లను 12 ఏళ్లపాటు గమనించారు. మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్లకు గౌట్, అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్లలో చేరి వచ్చే వాపు, నొప్పి ఎక్కువ వచ్చింది. ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు ఉండే కూరగాయలు తిన్నవాళ్లకు పెరగలేదు. పాలు, పెరుగు వాడినవాళ్లకు తగ్గింది. మన దగ్గర మాత్రం ఎవరికి యూరిక్ యాసిడ్ అన్నా మొదట పప్పు గిన్నె తీసేస్తారు. 61 ఏళ్ల మనిషికి పప్పు మాన్పిస్తే కండ పోతుంది, నీరసం వస్తుంది. హాలియా తమ్ముడూ, బాపుకు ఈ రాత్రే పప్పు వండి పెట్టండి.

పాలమూరు_పటేల్
మరి మా బావమరిదికి ఎట్ల తగ్గింది?

దేవరకొండ_టీచర్
ఇంకేం మానేశాడో అడిగి చూడండి. బీరు గానీ కూల్‌డ్రింకు గానీ ఉంటుంది.

పాలమూరు_పటేల్
ఫోన్ చేసి అడిగిన. బీరు కూడా మానేసిండంట. కానీ పప్పు మాట ఇంకా ఆలోచించాలి.

జొన్నరొట్టె_అభిమాని
మరి బోటి, కార్జం, తలకాయ కూర సంగతేంది మేడమ్? మా ఊళ్లో బోనాల పండుగ దగ్గర పడింది, ఆ మాట పండుగ అయినంక చెప్పినా ఫర్వాలేదు 😀

దేవరకొండ_టీచర్
ముందే చెప్తున్నా, తినండి కానీ గిన్నె చిన్నది పెట్టుకోండి. కార్జం, కిడ్నీ, బోటి, మెదడు, వీటిలో ప్యూరిన్లు మామూలు మాంసం కన్నా ఎక్కువ. ఏడాదికోసారి పండుగ పూట తింటే ఏమీ కాదు. ప్రతి ఆదివారం తిని పైన బీరు తాగితేనే ఇబ్బంది.

మూసీ_ఒడ్డు
బీరు సరే, కల్లు? మా నాయన సాయంత్రం ఈతకల్లు లేకుండా ఉండడు. చెట్టు నుంచి వచ్చేది కదా, మంచిదే అంటాడు.

నకిరేకల్_ల్యాబ్
చెట్టు నుంచి వచ్చినా పులిసినంక అందులో ఉండేది ఆల్కహాలే, దాంతో పాటు ఈస్ట్ కూడా. ఆల్కహాల్ యూరిక్ యాసిడ్ తయారీని పెంచుతుంది, కిడ్నీ నుంచి పోవడాన్ని తగ్గిస్తుంది. బీపీని కూడా పెంచుతుంది.

టెస్టు గురించి కూడా చెప్తా, నేను ఈ పనిలోనే ఉన్నా. మగవాళ్లకు ల్యాబుల్లో దాదాపు 3.5 నుంచి 7.2, ఆడవాళ్లకు 2.6 నుంచి 6.0 దాకా నార్మల్ అని వేస్తాం, ల్యాబును బట్టి కొంచెం తేడా ఉంటుంది. 6.8 దాటితే రక్తంలో కరగకుండా స్ఫటికాలు కట్టే అవకాశం మొదలవుతుంది, కానీ అంకె దాటిన వాళ్లందరికీ కట్టవు. ఎండలో పనిచేసి నీళ్లు తాగకుండా వచ్చి రక్తం ఇచ్చినా, ముందు రోజు తాగి వచ్చినా, ఉపవాసం ఉండి వచ్చినా అంకె పైకి పోతుంది. మే నెలలో క్యాంపు పెడితే సగం మందికి ఎర్ర గీతే వస్తుంది. ఒక్క రిపోర్టు చూసి జీవితాంతం మందు అనడం తొందరపాటు. హాలియా అన్నా, ఆ రిపోర్టులో కిడ్నీ ఎట్లా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ ఎంత ఉందో చూసి రాయండి, అదే ముఖ్యం.

పాలమూరు_జనరల్‌మెడిసిన్
నేను మహబూబ్‌నగర్‌లో ప్రాక్టీసు చేస్తాను. ఇక్కడ ఎవరికీ చీటీ రాయను, విషయం మాత్రం చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

పెద్ద రక్తనాళం గోడలో సాగే గుణం ఇచ్చే ఎలాస్టిన్ పోగులు ఉంటాయి. వయసు, బీపీ, షుగరు, పొగాకు, కిడ్నీ జబ్బు వల్ల ఆ పోగులు తెగుతాయి, వాటి స్థానంలో గట్టిగా ఉండే కొల్లాజెన్ చేరుతుంది. ఏళ్ల తరబడి ఎండలో పడి ఉన్న డ్రిప్పు పైపు చూసే ఉంటారు, నీళ్లు వదిలితే సాగదు, ఒత్తిడంతా ముందుకు తోస్తుంది. నాళం గట్టిపడితే గుండె కొట్టిన దెబ్బ మెదడు దాకా, కిడ్నీ దాకా నేరుగా తగులుతుంది. పై బీపీ పెరుగుతుంది, కింది బీపీ తగ్గుతుంది. హాలియా బాపుది 158/72, తేడా 86. పెద్ద వయసులో ఆ తేడా 60, అంతకన్నా ఎక్కువ ఉంటే నాళాలు బిగుసుకున్నట్టు అనుమానించాలి. ఇది తెలుసుకోవడానికి నాలుగు పట్టీల మిషన్ కూడా అక్కర్లేదు, మీ బీపీ పుస్తకం చాలు.

ఇక 1760. అది చేతి నుంచి కాలి దాకా నాడి అల ఎంత వేగంగా పోతోందో చెప్పే అంకె, సెకనుకు సెంటీమీటర్లలో. 1400 లోపు మంచిది, 1800 దాటితే ఎక్కువ అని జపాన్ వాళ్లు వాడతారు. యూరప్ వాళ్లు మెడ నుంచి తొడ దాకా కొలుస్తారు, అక్కడ సెకనుకు 10 మీటర్లు దాటితే ఎక్కువ. పరీక్ష చేసే సమయంలో బీపీ ఎక్కువుంటే ఈ అంకె కూడా పెరుగుతుంది. 158 మీద కొలిచారు కాబట్టి దాన్ని పట్టుకుని నిద్ర పోగొట్టుకోవద్దు.

యూరిక్ యాసిడ్‌కూ దీనికీ సంబంధం ఉందా అంటే, ఉంది. బీపీ ఉన్నవాళ్లలో యూరిక్ యాసిడ్ ఎక్కువున్న కొద్దీ నాళాలు గట్టిగా ఉండటం చాలా అధ్యయనాల్లో కనిపించింది. కణం లోపలికి పోయిన యూరిక్ యాసిడ్ నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గిస్తుంది, నాళం గోడలోని కండర కణాలను పెంచుతుంది అని ప్రయోగశాలలో చూశారు. కానీ వయసు, బీపీ, కిడ్నీ పనితీరు, బరువు లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలా చోట్ల పలచబడుతుంది. ఎందుకంటే యూరిక్ యాసిడ్‌లో మూడింట రెండు వంతులు కిడ్నీయే బయటికి పంపాలి. కిడ్నీ తగ్గితే అది పెరుగుతుంది, అదే కిడ్నీ వల్ల నాళాలూ చెడతాయి. రెండూ ఒకేచోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని చేసిందని అనలేం.

వనపర్తి_ఇంజనీరు
డాక్టర్ గారూ, గౌరవంతోనే అడుగుతున్నా. కణం లోపల చెడు చేస్తుందని మీరే అన్నారు. మరి తగ్గిస్తే తప్పేముంది? 2008లో అమెరికాలో కొత్తగా బీపీ వచ్చిన 30 మంది టీనేజీ పిల్లలకు యూరిక్ యాసిడ్‌ను దించే అల్లోప్యూరినాల్ ఇస్తే బీపీ తగ్గింది, జామా పత్రికలో వచ్చింది. నాళాలు పూర్తిగా పాడుకాకముందే పట్టుకుంటే మేలు కదా?

పాలమూరు_జనరల్‌మెడిసిన్
ఆ అధ్యయనం నిజమే, మంచి ప్రశ్న కూడా. కానీ వాళ్లు పిల్లలు, బీపీ అప్పుడే మొదలైంది, ఉన్నది 30 మంది. పెద్దవాళ్లలో అదే ఫలితం నిలకడగా రాలేదు. 2022లో లాన్సెట్‌లో బ్రిటన్ అధ్యయనం వచ్చింది, ఆల్-హార్ట్ అంటారు. గౌట్ లేని, గుండె రక్తనాళాల జబ్బున్న, 60 దాటిన 5,721 మందిలో సగం మందికి అల్లోప్యూరినాల్ 600 మిల్లీగ్రాముల దాకా ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు రెండు గుంపుల్లో ఒకేలా ఉన్నాయి.

వనపర్తి_ఇంజనీరు
వాళ్లకు అప్పటికే గుండె జబ్బు ఉంది. బీపీ మాత్రమే ఉన్నవాళ్లకు అది వర్తిస్తుందని ఎట్లా అంటారు? ఇటలీ వాళ్ల ఉర్రా అధ్యయనంలో గుండె జబ్బు మరణాలకు 5.6 నుంచే ప్రమాదం మొదలైందని చెప్పారు. అది ల్యాబు నార్మల్ పై హద్దు కన్నా తక్కువ.

పాలమూరు_జనరల్‌మెడిసిన్
మీరన్న దాంట్లో న్యాయం ఉంది, ఆల్-హార్ట్ బీపీ మాత్రమే ఉన్నవాళ్ల మీద చేసింది కాదు. కానీ ఉర్రా కేవలం గమనించిన అధ్యయనం, మందిచ్చి చూసింది కాదు. 5.6 దగ్గర ప్రమాదం ఎక్కువ కనిపించిందంటే ఆ మనిషిని జాగ్రత్తగా చూడమని అర్థం, 5.6 కిందికి దించితే బతుకుతాడని కాదు. మందుకు సొంత నష్టాలు ఉన్నాయి. అల్లోప్యూరినాల్‌తో అరుదుగా ఒళ్లంతా చర్మం ఊడిపోయేంత రియాక్షన్ వస్తుంది. ఫెబుక్సోస్టాట్ మీద 2018లో కేర్స్ అధ్యయనంలో గుండె జబ్బున్న గౌట్ రోగుల్లో గుండె జబ్బు మరణాలు అల్లోప్యూరినాల్ కన్నా ఎక్కువ కనిపించాయి, 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు కాగితం మీద పెట్టె కట్టి హెచ్చరిక వేయించింది. 2020లో వచ్చిన ఫాస్ట్ అధ్యయనంలో అంత ప్రమాదం కనిపించలేదు, అదీ నిజమే. కానీ నొప్పి లేని, కిడ్నీలో రాళ్లు లేని మనిషికి ఉత్త అంకె కోసం ఈ మందులు మొదలుపెట్టొద్దనే 2020లో అమెరికా రుమటాలజీ కాలేజీ చెప్పింది. జపాన్‌లో పద్ధతి వేరు, 8 దాటి బీపీ గానీ కిడ్నీ జబ్బు గానీ ఉంటే మందు ఆలోచిస్తారు. కాబట్టి క్యాంపు డాక్టరు లేనిది పుట్టించాడని అనను. అయితే బీపీ గోలీ ఏంటో చూడకుండా, క్రియాటినిన్ అడగకుండా, జీవితాంతం అని భయపెట్టి రాయడం సరికాదు.

వనపర్తి_ఇంజనీరు
బీపీ మాత్రమే ఉన్నవాళ్ల మీద పెద్ద అధ్యయనం రావాలనే నా మాట. అప్పటిదాకా మందు కన్నా ముందు చూడాల్సినవి ఉన్నాయన్నది ఒప్పుకుంటా.

మర్రిగూడ_నుంచి
ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మనసొప్పదు. మా ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు మోకాళ్లు, నడుము, మెడ పట్టుకుపోవడం ఉంది. భగీరథ నీళ్లు వచ్చినా పాత ఎముకలు మళ్లీ మామూలు కావు. మా అమ్మ నడుం నొప్పి అంటే ఊళ్లో ఆర్ఎంపీ యూరిక్ యాసిడ్ నొప్పి అని పేరు పెట్టి డైక్లోఫెనాక్ సూది వేసేవాడు, గోలీలు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. యూరిక్ యాసిడ్ టెస్టు ఒక్కసారి కూడా చేయించలేదు. బీపీ ఎందుకు దిగడం లేదని హైదరాబాద్ పోతే కిడ్నీ సగం పోయిందన్నారు, నొప్పి సూదులే బీపీని పెంచాయన్నారు. ఇప్పుడు అమ్మ యూరిక్ యాసిడ్ ఎక్కువే, అది కిడ్నీ పోవడం వల్ల పెరిగింది. సూదులు ఆపిన తర్వాతే బీపీ కొంచెం మాట విన్నది. దయచేసి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఎక్కడ ఏ సూది వేయించుకుంటున్నారో. మనకు చెప్పరు, బిడ్డకు ఖర్చు అని.

మిర్యాలగూడ_మందులషాపు
మర్రిగూడ అక్క చెప్పింది అక్షరాలా నిజం. టెల్మీసార్టాన్ లాంటి బీపీ మందు, మూత్రం గోలీ, పైన డైక్లోఫెనాక్, ఈ మూడు కలిస్తే కిడ్నీ మీద దెబ్బ. ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగే రైతుకు ఇంకా ప్రమాదం. చీటీ లేకుండా నొప్పి గోలీ అడిగితే నేను ముందు బీపీ ఉందా అని అడుగుతా. కొందరు కోపం చేసి పక్క షాపుకు పోతారు, పోనీ.

హాలియా_రైతుబిడ్డ
అందరికీ చాలా థ్యాంక్స్. రిపోర్టు తీసి చూశా. క్రియాటినిన్ 1.4, దాని పక్కన ఎర్ర గీత లేదు కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. మర్రిగూడ అక్క పోస్టు చదివి బాపును కూర్చోబెట్టి అడిగితే, నాట్లప్పుడూ కోతలప్పుడూ నడుం నొప్పికి సూది వేయించుకుంటాడట, సీజన్‌లో తరచుగానే. పొలం కాడ నీళ్ల బదులు కూల్‌డ్రింకు తాగుతాడు, ఎండ దిగుతుందని. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడేం చేయాలి?

పాలమూరు_జనరల్‌మెడిసిన్
61 ఏళ్ల మగమనిషికి 1.4 అంటే కిడ్నీ వడపోత దాదాపు 57 వస్తుంది, 60 కన్నా తక్కువ. భయపడేంత కాదు, కానీ వదిలేసేదీ కాదు. సూదులు పూర్తిగా ఆపించండి, నడుం నొప్పికి పారాసిటమాల్, కాపడం సరిపోతాయేమో చూడండి. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో పరీక్ష చేయించండి. క్రియాటినిన్ కొన్ని వారాల తర్వాత ఒకసారి, మూడు నెలలు దాటాక మళ్లీ చూడాలి, అప్పటికీ 60 లోపే ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. ఈ కాగితాలన్నీ పట్టుకుని మీ బీపీ డాక్టరు దగ్గరికే పోండి, మందు మార్చడం, లోసార్టాన్ ఇవ్వడం, ఫెబుక్సోస్టాట్ ఉంచడం తీసేయడం ఆయన చూసుకుంటారు. కూల్‌డ్రింకు మాత్రం ఈ రోజే ఆపొచ్చు. అందులో ఉండే ఫ్రక్టోజ్‌ను లివర్ విరగ్గొట్టే పనిలోనే యూరిక్ యాసిడ్ తయారవుతుంది. పప్పు కన్నా అదే పెద్ద దొంగ.

దేవరకొండ_టీచర్
ఏడవకు తమ్ముడూ, బాపు నోరు విప్పి చెప్పాడు, అదే పెద్ద పని అయింది. పొలానికి పెద్ద బాటిల్ నీళ్లు, పలచటి మజ్జిగ కట్టి పంపు. మజ్జిగలో ఉప్పు వేయకు.

జొన్నరొట్టె_అభిమాని
ఉప్పు లేని మజ్జిగా! అల్లం, కరివేపాకు, జీలకర్ర దంచి వేస్తే దిగుతుంది లెండి, మా ఇంట్లో అలవాటైంది.

గద్వాల_గౌట్
ఈ థ్రెడ్ చదివి ఎవరైనా గౌట్ ఉన్నవాళ్లు మందు ఆపేస్తారేమోనని రాస్తున్నా. నాకు బొటనవేలు రాత్రికి రాత్రి ఎర్రగా ఉబ్బి దుప్పటి తగిలినా అరిచేంత నొప్పి వచ్చింది. అది నిజమైన గౌట్. అలాంటివాళ్లు అంకె 6 కిందికి తెచ్చుకుని అక్కడే ఉంచుకోవాలి, మందు ఏళ్ల తరబడి వాడాలి. మొదలుపెట్టిన కొత్తలో పాత స్ఫటికాలు కరుగుతూ నొప్పి మళ్లీ వస్తుంది, మందు పడలేదని చాలామంది అక్కడే ఆపేస్తారు. డాక్టరు దానికి వేరే గోలీ ఇస్తాడు, ఆపొద్దు. అల్లోప్యూరినాల్ వాడేవాళ్లకు ఒంటి మీద దద్దు కనిపిస్తే మాత్రం ఆ పూటే ఆపి దవాఖానకు పోవాలి.

కల్వకుర్తి_కవిత
మా అమ్మకు 56, నెలసరి ఆగి చాలా ఏళ్లయింది. ఇంతకుముందు యూరిక్ యాసిడ్ నార్మల్‌గానే ఉండేది. ఆడవాళ్లకు ఈ వయసులో పెరుగుతుందా?

పాలమూరు_జనరల్‌మెడిసిన్
పెరుగుతుందమ్మా. ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్లు కిడ్నీ నుంచి యూరిక్ యాసిడ్ బాగా పోతుంది, అది తగ్గాక అంకె మగవాళ్ల దగ్గరికి వస్తుంది. అదే వయసులో ఆడవాళ్ల నాళాలూ తొందరగా గట్టిపడతాయి, పై బీపీ ఎక్కుతుంది. అమ్మకు షుగరు, క్రియాటినిన్, థైరాయిడ్ చూపించండి, నడుము చుట్టుకొలత కొలవండి. బీపీ 130 దగ్గరికి తెస్తే నాళాలకు దొరికే మేలు ముందు యూరిక్ యాసిడ్ గోలీ చాలా చిన్నది. రోజూ గట్టిగా నడవడం, ఉప్పు తగ్గించడం వల్ల నాళాల బిగుతు తగ్గుతుందని కొలిచి చూశారు.

మూసీ_ఒడ్డు
ఉప్పు ఎంత సార్? మా ఇంట్లో ఆవకాయ లేకుండా ముద్ద దిగదు.

పాలమూరు_జనరల్‌మెడిసిన్
రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, అంటే కూర, పచ్చడి, మజ్జిగ, అప్పడం అన్నీ కలిపి ఒక చిన్న చెంచా. ఆవకాయ అన్నం నిండా కలుపుకోవద్దు, పక్కన అంచుకు పెట్టుకోండి. ఆ కల్లు సంగతి కూడా నాయనతో మాట్లాడండి.

హాలియా_రైతుబిడ్డ
నిన్న బీపీ డాక్టరును కలిశాం. రెండు చీటీలు పక్కపక్కన పెట్టి చూశారు. బీపీ గోలీ మార్చారు, మూత్రం మందు తీసేసి లోసార్టాన్, ఆమ్లోడిపిన్ ఇచ్చారు. ఫెబుక్సోస్టాట్ ప్రస్తుతానికి ఆపమన్నారు, కిడ్నీ రిపోర్టు మళ్లీ చూశాకే అన్నారు. మూత్రం పరీక్ష ఇచ్చాం. ఇంట్లో బీపీ మిషన్ కొన్నాం, పొద్దున గోలీ వేసుకోకముందు, సాయంత్రం అన్నం తినకముందు చూసి పుస్తకంలో రాయమన్నారు. బాపు పప్పు తింటున్నాడు. కానీ సూది ఆపితే కోతలకు ఎట్లా వంగాలి అంటున్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు.

మర్రిగూడ_నుంచి
ఆ జవాబు కోసం నల్లగొండ పెద్ద దవాఖానలో ఫిజియోథెరపీ వాళ్లను అడుగు తమ్ముడూ. మా అమ్మకు నడుముకు కొన్ని వ్యాయామాలు నేర్పారు, ఎట్లా వంగాలో, ఎట్లా లేవాలో చూపించారు. ఈ సీజన్‌కు కోత మిషన్ పెట్టించే వీలుంటే పెట్టించు, సూదుల ఖర్చు, దవాఖాన ఖర్చు లెక్కేస్తే అది ఎక్కువ కాదు.

నకిరేకల్_ల్యాబ్
మళ్లీ క్రియాటినిన్‌కు పోయేటప్పుడు ముందు రోజు మాంసం ఎక్కువ తినొద్దని చెప్పు, ఎండన పడి రాకుండా పొద్దున్నే తీసుకుపో. అదే ల్యాబులో చేయించు, అంకెలు పోల్చుకోవడానికి బాగుంటుంది.